బిజినెస్ క్లాసులో అమెరికా ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం వస్తోందంటే పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ప్రయాణమయ్యే తల్లిదండ్రుల ఉత్తరాలు ఈ శీర్షికకు ఎక్కువగా వస్తాయి. ఇంతకు ముందు వీసా గురించి, బీమా గురించి అడిగేవారు. ఈసారి మాత్రం సగానికి పైగా ఉత్తరాలు బిజినెస్ క్లాసు టికెట్ల గురించే ఉన్నాయి. అందువల్ల ఈ సంచికలో ఆ ఒక్క విషయానికే చోటిచ్చాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి, మమ్మల్ని రమ్మంటున్నారు. నాకు 63 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. మా ఆయనకు 68, షుగర్ ఉంది. అబ్బాయి ఇద్దరికీ బిజినెస్ క్లాసు టికెట్లు తీస్తానని పట్టుబడుతున్నాడు. ఖరీదు మామూలు టికెట్టుకు నాలుగింతలట. మా మామగారు బతుకుతెరువుకు బొంబాయి పోయిన మనిషి. రాత్రీ పగలూ బస్సులో కూర్చునే పోయేవారట. ‘మా నాయిన అట్ల పోయిండు, మనం ఒక్క రోజు కూర్చోలేమా’ అని మా ఆయన అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పెడుతున్న డబ్బు దేనికి పోతుందో ముందు చూద్దాం. బిజినెస్ క్లాసు అనగానే మనవాళ్లు భోజనం, లాంజ్ (విమానాశ్రయంలోని విశ్రాంతి గది), పెద్ద టీవీ గురించి మాట్లాడతారు. మీ వయసులో, మీ మోకాళ్లతో వెళ్లేవారికి వాటి విలువ చాలా తక్కువ. మీకు పనికొచ్చేది ఒక్కటే: నడుము వాల్చి, కాళ్లు పూర్తిగా చాపి, మంచం మీద పడుకున్నట్టుగా పడుకోగలగడం. ఎకానమీలో ఒక సీటుకూ ముందు సీటుకూ మధ్య దూరం సాధారణంగా 31, 32 అంగుళాలు ఉంటుంది. అరిగిన మోకాలిని అంత చోటులో మడిచి గంటల తరబడి కూర్చుంటే దిగేటప్పుడు నిలబడడమే కష్టమవుతుంది. బిజినెస్ క్లాసులో పూర్తిగా వాలే సీటు ఆరు అడుగులకు అటూఇటూగా చదునైన పడకగా మారుతుంది.

ఇక ప్రయాణం ఎలా ఉంటుందో చూడండి. శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. దుబాయి మీదుగానో దోహా మీదుగానో వెళ్తే మొదటి విమానం సుమారు నాలుగు గంటలు, రెండోది దాదాపు పదహారు గంటలు. ఇందులో నాలుగు గంటల ప్రయాణం జడ్చర్ల నుంచి తిరుపతికి పోవడం కంటే తక్కువ. దాన్ని ఎవరైనా కూర్చుని వెళ్లగలరు. కష్టమంతా ఆ పదహారు గంటలదే. కాబట్టి నా సలహా ఏమిటంటే, చిన్న ప్రయాణానికి ఎకానమీ, పెద్ద ప్రయాణానికి బిజినెస్ ఉండేలా రెండు తరగతులూ కలిసిన టికెట్టు దొరుకుతుందేమో మీ అబ్బాయిని విచారించమనండి. అలా తీసినప్పుడు ఖరీదు కొంత తగ్గవచ్చు. ఒక్కోసారి తేడా ఏమీ ఉండదు. అప్పుడు మొత్తం బిజినెస్‌లోనే వెళ్లవచ్చు. ఏది ఎంచుకున్నా అదంతా ఒకే టికెట్టుగా, ఒకే బుకింగ్ నంబరు కింద ఉండాలి. దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా అక్కయ్య ప్రయాణానికి చవకగా వస్తుందని రెండు సంస్థల టికెట్లు విడివిడిగా కొన్నాం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది. మొదటి సంస్థ తన బాధ్యత తీరిందన్నది, రెండో సంస్థ మీరే సమయానికి రాలేదన్నది. ఆమె పధ్నాలుగు గంటలు పరాయి విమానాశ్రయంలో కూర్చుంది. మిగిలిందనుకున్న డబ్బుకు రెండింతలు పెట్టి కొత్త టికెట్టు కొనాల్సి వచ్చింది. ఒకే టికెట్టు అయితే అటువంటప్పుడు మరో విమానంలో పంపే బాధ్యత సంస్థదే.

ఇద్దరిలో ఒకరికి మాత్రమే, అంటే మోకాళ్ల నొప్పి ఉన్న మీకు మాత్రమే బిజినెస్ తీసి, మీ ఆయనను ఎకానమీలో కూర్చోబెడదామనే ఆలోచన కూడా మీ ఇంట్లో వచ్చి ఉంటుంది. నేను దానికి ఒప్పుకోను. ఎకానమీ ప్రయాణికులను బిజినెస్ క్యాబిన్‌లోకి సాధారణంగా రానివ్వరు. షుగర్ ఉన్న మనిషి వేళకు మాత్ర వేసుకున్నారా, ఏమైనా తిన్నారా అని చూసుకోవడానికి మీరే అటు నడవాల్సి వస్తుంది. ఇద్దరికీ బిజినెస్ భారమనిపిస్తే ఇద్దరికీ ప్రీమియం ఎకానమీ తీసుకోవడం మేలు. అందులో సీటు వెడల్పుగా, ముందు జాగా 38 అంగుళాల దాకా ఉంటుంది. అయితే అది పడక కాదు, మంచి కుర్చీ మాత్రమే. అన్ని సంస్థల విమానాల్లోనూ ఉండదు కూడా.

కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం గురించి ఒక మాట చెప్పాలి. దీన్ని చాలాకాలం ‘ఎకానమీ క్లాసు జబ్బు’ అని పిలిచారు. ఆ పేరు వల్ల బిజినెస్ టికెట్టు కొంటే ఆ భయం తీరిపోతుందన్న అపోహ ఏర్పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశీలన ప్రకారం, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం ఏదైనా, అది విమానమైనా రైలైనా బస్సైనా కారైనా, ఈ ముప్పు సుమారు రెండింతలవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో అది మొత్తం మీద తక్కువే, దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి. వయసు, ఊబకాయం, గతంలో గడ్డ కట్టిన చరిత్ర, ఈమధ్యే జరిగిన పెద్ద ఆపరేషన్ వంటివి దాన్ని పెంచుతాయి. కదలకుండా పడుకుని ఉండిపోతే బిజినెస్ క్లాసులో కూడా ముప్పు ముప్పే. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి మడమలు, కాలివేళ్లు పైకీ కిందికీ ఆడించండి, వీలైనప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయండి. పిక్కలకు బిగుతుగా తొడిగే కంప్రెషన్ మేజోళ్ల గురించి మీ డాక్టరును అడగండి. మోకాలి మార్పిడి చేయించుకుని వెంటనే బయల్దేరాలనుకునే వారు మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరు ఒప్పుకునే దాకా టికెట్టు కొనకూడదు. అలాంటి వారిని కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఆగమనడం మామూలే.

మీ ఆయన ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని కింద వేసే పెట్టెలో పెట్టవద్దు. సరుకు గదిలో చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోండి. డాలస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. కాబట్టి ప్రయాణం రోజు మోతాదు ఏ వేళకు తీసుకోవాలో ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

మీ మామగారి మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆయన బస్సులో అలా కూర్చుని పోయింది వేరే దారి లేక. తాను తిరిగి వచ్చే దాకా ఇంట్లో పొయ్యి వెలగాలని పోయారు. ఆయన మనవడు ఇప్పుడు తన సంపాదనతో తల్లిదండ్రుల కాళ్లకు సుఖమివ్వాలనుకుంటున్నాడు. అప్పు చేసి ఇస్తున్నాడేమో ఒక్కసారి సూటిగా అడగండి. అప్పు చేస్తున్నట్టయితే ఒప్పుకోవద్దు. అప్పు కాదంటే మాత్రం వద్దని వాడిని చిన్నబుచ్చకండి.

ప్రశ్న: బిజినెస్ క్లాసు అన్నిటిలో ఒకేలా ఉండదని మా ఏజెంటు అంటున్నాడు. రెండు సంస్థల ధరల్లో తొంభై వేల తేడా ఉంది. ఎక్కువ ధర పెట్టడం అవసరమా? నాది మిల్లు వ్యాపారం. ఎకానమీ కొని, తర్వాత మిగిలిన సీట్లకు మనమే ధర చెప్పే వేలం పద్ధతిలో పై తరగతికి మారవచ్చనీ విన్నాను.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ ఏజెంటు చెప్పింది నిజం. పేరు ఒకటే అయినా సీట్లు రకరకాలు. పాత విమానాల్లో కొన్నిటి సీట్లు పూర్తిగా చదునుగా కాక వాలుగా పడుకునేలా ఉంటాయి. వాటిలో నిద్రపోతే శరీరం మెల్లగా కిందికి జారుతుంది. కాబట్టి ‘పూర్తిగా చదునుగా వాలుతుందా’ అన్నది మొదటి ప్రశ్న. రెండోది, అడ్డ వరుసలో సీట్లు ఎలా అమర్చారన్నది. ఒకటి, రెండు, ఒకటి చొప్పున ఉంటే ప్రతి సీటు నుంచీ నేరుగా నడవాలోకి దిగవచ్చు. రెండు, రెండు, రెండు చొప్పున ఉంటే కిటికీ పక్కవారు బాత్రూముకు పోవాలంటే నిద్రపోతున్న పక్కవారి కాళ్ల మీదుగా దాటాలి. ఎమిరేట్స్ వారి బోయింగ్ 777 విమానాల్లో చాలావాటిలో రెండు, మూడు, రెండు చొప్పున ఉంటాయి. అదే సంస్థ ఎయిర్‌బస్ ఏ380లో ఒకటి, రెండు, ఒకటి చొప్పున ఉంటాయి. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో మొదలుపెట్టిన క్యూసూట్ అనే బిజినెస్ సీటుకు జరిపే తలుపు ఉంది. మధ్యలో కొన్ని సీట్లను కలిపి భార్యాభర్తలకు జంట పడకగా మార్చుకోవచ్చు. అయితే ఆ సంస్థ విమానాలన్నిటిలోనూ క్యూసూట్ ఉండదు. అందుకని సంస్థ పేరు చూసి కొనకండి, మీరు ఎక్కబోయే విమానం రకాన్ని, సీట్ల పటాన్ని ఏజెంటు చేత తెరిపించి చూడండి. చివరి నిమిషంలో విమానం మారే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఇక తొంభై వేల తేడా దేనివల్ల వచ్చిందో చూడాలి. కొన్ని గల్ఫ్ సంస్థలు బిజినెస్‌లోనే చవక రకం టికెట్లు అమ్ముతున్నాయి. సీటు అదే కానీ లాంజ్ ఉండదు, ముందుగా సీటు ఎంచుకునే వీలు ఉండకపోవచ్చు, తేదీ మార్చితే రుసుము పడుతుంది. మీరు వ్యాపారస్తులు, మిల్లు పనుల వల్ల తేదీ మారే అవకాశం ఉంటే చవక రకం చివరికి ఖరీదవుతుంది. ధర చెప్పించుకునేటప్పుడు పన్నుతో కలిపి చెప్పమనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతం ఉండగా, అంతకంటే పై తరగతుల మీద అది 12 నుంచి 18 శాతానికి పెరిగింది. మూడు లక్షల టికెట్టు మీద ఆ తేడా చిన్నది కాదు.

ఎకానమీ కొని, తర్వాత వేలం పద్ధతిలో పై తరగతికి మారవచ్చని కూడా మీరు రాశారు. చాలా సంస్థలు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు ఈమెయిల్ ద్వారా అటువంటి అవకాశం ఇస్తాయి. ఒంటరిగా వెళ్లే ఆరోగ్యవంతులకు అది మంచి మార్గం. తప్పనిసరిగా పడక కావలసిన పెద్దవారి ప్రయాణాన్ని దాని మీద ఆధారపడి పెట్టుకోకూడదు.

ప్రశ్న: గత సంవత్సరం మా బావగారు శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్తుండగా, కౌంటర్ దగ్గర ‘బిజినెస్ నిండిపోయింది’ అని మొదటి విమానంలో ఎకానమీలో కూర్చోబెట్టారు. ఒక చీటీ ఇచ్చి ఊరుకున్నారు. డబ్బు తిరిగి అడగవచ్చా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తప్పకుండా అడగవచ్చు, అడగాలి. ప్రయాణికుడి ఇష్టం లేకుండా కింది తరగతికి మార్చితే ఎంత తిరిగి ఇవ్వాలో మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2023 ఫిబ్రవరి 15 నుంచి స్పష్టంగా నిర్ణయించింది. అంతర్జాతీయ ప్రయాణంలో 1,500 కిలోమీటర్ల లోపు అయితే పన్నులతో సహా టికెట్టు ఖరీదులో 30 శాతం, 1,500 నుంచి 3,500 వరకు 50 శాతం, ఆ పైన 75 శాతం. దేశంలోపలి ప్రయాణాల్లో 75 శాతం. హైదరాబాద్ నుంచి దుబాయి లేదా దోహాకు దూరం రెండో కోవలోకి వస్తుంది. యూరప్ నుంచి బయల్దేరే విమానాలకు అక్కడి చట్టంలోనూ ఇవే శాతాలు ఉన్నాయి.

బావగారు ఆ చీటీ, బోర్డింగ్ పాసు, టికెట్టు, చెల్లింపు రసీదు జాగ్రత్త చేసి ఉంటే ముందు సంస్థకు లిఖితపూర్వకంగా రాయాలి. తర్వాత కేంద్ర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే హైదరాబాద్ తిరగనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మీకు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి, కాబట్టి ఆలస్యం చేయకండి. వోచరు తీసుకుని ‘ఇక ఏమీ అడగను’ అన్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది. ముందు ఆ విషయం కనుక్కోండి.

ప్రశ్న: వీల్‌చెయిర్, శాకాహార భోజనం బిజినెస్ వారికే ఇస్తారా? ఇమిగ్రేషన్ దగ్గర బిజినెస్ వారిని ముందు పంపుతారా?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: నడవడానికి ఇబ్బంది ఉన్నవారికి వీల్‌చెయిర్ ఏ తరగతిలోనైనా ఉచితమే. టికెట్టు తీసేటప్పుడే, లేదంటే కనీసం 48 గంటల ముందు అడిగి, టికెట్టులో నమోదైనట్టు చూసుకోవాలి. నడవగలిగి, దూరం నడవలేనివారు ఒక రకం, మెట్లు ఎక్కలేనివారు మరో రకం, సీటు దాకా మోయాల్సినవారు ఇంకో రకం; మీ పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పండి. అమెరికాలో ఇమిగ్రేషన్ అధికారి ముందు బిజినెస్ టికెట్టుకు విలువ లేదు, అక్కడ అందరిదీ ఒకటే వరుస.

భోజనం విషయంలో మనవాళ్లు తరచుగా పొరపాటు పడతారు. ‘హిందూ మీల్’ అన్నది శాకాహారం కాదు. అందులో గొడ్డుమాంసం ఉండదు కానీ కోడి, మేక, చేప ఉండవచ్చు. మీకు కావలసింది ‘ఏషియన్ వెజిటేరియన్ మీల్’. ఉల్లి, వెల్లుల్లి తినని వారు ‘జైన్ మీల్’, షుగర్ ఉన్నవారు ‘డయాబెటిక్ మీల్’ అడగాలి. ఇవన్నీ 24 గంటల ముందే చెప్పాలి.

ప్రశ్న: బిజినెస్‌లో ఎంత సామాను తీసుకుపోవచ్చు? కోడలు పచ్చళ్లు, సకినాలు, ఎండు కొబ్బరి, కరివేపాకు తెమ్మంటోంది.
- ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: అమెరికా ప్రయాణాల్లో చాలా సంస్థలు ఎకానమీకి 23 కిలోల పెట్టెలు రెండు, బిజినెస్‌కు 32 కిలోలవి రెండు అనుమతిస్తాయి. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే ఏ తరగతివారిదైనా తీసుకోరు. సకినాలు, మురుకులు, మామిడికాయ పచ్చడి తీసుకుపోవచ్చు. పచ్చళ్లను మూత గట్టిగా బిగించి కింద వేసే పెట్టెలోనే పెట్టండి. మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే. ఎండు కొబ్బరికి నూనె శాతం ఎక్కువ, దానంతటదే వేడెక్కి మండే గుణం ఉంది. అందుకే విమానంలో నిషేధించారు. ఏం తెచ్చారని అధికారి అడిగితే దాచకుండా చెప్పండి. చెప్పిన వస్తువు పనికిరాదంటే తీసి పారేస్తారు, అంతే. దాచినది దొరికితే జరిమానా వేస్తారు.

ప్రశ్న: నాకు తెలుగు తప్ప వేరే భాష రాదు. ఒక్కదాన్నే వెళ్తున్నాను. బిడ్డ బిజినెస్ టికెట్టు తీసింది. ఆ సీటును పడక ఎలా చేయాలో, ఎవరిని అడగాలో తెలియక భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, భయపడకండి. సీటు చేతి పక్కన మనిషి కూర్చున్న బొమ్మ, వాలిన బొమ్మ, పూర్తిగా పడుకున్న బొమ్మ ఉన్న మీటలు ఉంటాయి. పడుకున్న బొమ్మను నొక్కి పట్టుకుంటే సీటు ఆగేంతవరకు చాచుకుంటుంది. విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు తప్పనిసరిగా కూర్చున్న స్థితిలోకి తేవాలి. వీటికి వేరుగా, నిలబడిన మనిషి బొమ్మ ఉన్న మీట నొక్కితే పరిచారిక వస్తుంది. చాలా సంస్థల్లో పరుపు, దుప్పటి ఆమే పరిచి ఇస్తుంది. దాన్ని అడగడానికి మొహమాటపడవద్దు, టికెట్టు ధరలోనే ఉంది.

క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా, అంటే ఊటీలో ఉన్నట్టుగా ఉంటుంది. గాలి చాలా పొడిగా ఉంటుంది. అందుకని దప్పిక లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి.

మీ బిడ్డతో ఒక చిన్న అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఈ మాటలు రాయించి పంపమనండి: ‘నాకు తెలుగు మాత్రమే వస్తుంది’, ‘దయచేసి పడక పరచండి’, ‘గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి’, ‘నేను శాకాహారిని’ (మీరు మాంసం తింటే ఇది వద్దు), ‘దిగడానికి గంట ముందు లేపండి’, ‘వీల్‌చెయిర్ అడిగి ఉన్నాం’. ఒక్కో మాట కింద తెలుగులో కూడా రాసి ఉంచితే మీరు వేలు పెట్టి చూపిస్తే చాలు. ఆ అట్ట వెనక మీ బిడ్డ ఫోన్ నంబరు, చిరునామా, మీరు వాడే మందుల పేర్లు ఉండాలి. దాన్ని పాస్‌పోర్టుతో పాటు మెడలో వేసుకునే సంచిలో పెట్టుకోండి, పైన పెట్టే పెట్టెలో వేయకండి.